పాత సిస్టమ్, చిన్న బ్రౌజర్: టూల్‌బార్‌లో ఏది ఉంచాలి, యాడ్-ఆన్‌లలో ఏవి తీసేయాలి?

పరకాల ఆన్‌లైన్ సెంటర్
ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. పరకాలలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. స్కాలర్‌షిప్ ఫారాలు, డిగ్రీ అడ్మిషన్లు, భూమి కాగితాలు, హాల్‌టికెట్లు, ఇవే మా పనులు. ఉన్న మూడు సిస్టమ్‌లలో ఒకటి బాగా పాతది, 2 జీబీ ర్యామ్. దాంట్లో విండోస్ 7 ఉండేది. 2020 జనవరితో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. క్రోమ్ కూడా 109 దగ్గరే ఆగింది. పారేయడానికి మనసు రాలేదు. మా తమ్ముడు వచ్చి డెబియన్ లైనక్స్ వేసి, తేలికగా ఉంటుందని ఫాల్కన్ బ్రౌజర్ పెట్టి వెళ్లాడు. వేగం నిజంగానే మెరుగైంది.

ఇప్పుడు నా ఇబ్బంది. మానిటర్ పాత చదరపు రకం, 1024×768. పైన టైటిల్, దాని కింద మెనూ, ట్యాబ్‌లు, అడ్రస్ వరుస, బుక్‌మార్కుల వరుస. అడుగున స్టేటస్ బార్, దాని కింద సిస్టమ్ పట్టీ. స్కేలు పెట్టి కొలిచాను. తెర ఎత్తు తొమ్మిది అంగుళాలైతే రెండుంబావు అంగుళాలు వీటికే పోతున్నాయి. ఫారం కింద ఉన్న బటన్ కోసం ప్రతిసారీ పేజీ జరపాలి. వెనక నలుగురు నిలబడి ఉంటే అదే పెద్ద టెన్షన్.

తగ్గిద్దామని నిన్న ఒక్కో బార్‌కు టిక్ తీస్తూ పోయాను. మెనూయే మాయమైంది. తిరిగి ఎలా తెచ్చుకోవాలో తెలియడం లేదు.

ఇంకోటి. క్రోమ్‌లో నాకు ఏడు ఎక్స్‌టెన్షన్లు (యాడ్-ఆన్‌లు) ఉండేవి: తెలుగు టైపింగ్, పీడీఎఫ్‌లు కలిపేది, ఫొటో సైజు తగ్గించేది, స్క్రీన్‌షాట్, ప్రకటనలు ఆపేది, పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకునేది, డార్క్ మోడ్. ఇవి ఫాల్కన్‌లోకి ఎలా తెచ్చుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట లైనక్స్
ఆదివారం రాత్రి 9:48

అక్కా, ముందు మెనూ సంగతి. అది ఎక్కడికీ పోలేదు. మెనూ బార్ దాస్తే అడ్రస్ వరుసలో కుడి చివర మూడు గీతల బటన్ వస్తుంది. మొత్తం మెనూ దాని లోపలే ఉంటుంది. అందులో వ్యూ, దాని కింద టూల్‌బార్స్‌కి వెళ్లి మెనూ బార్‌కు టిక్ పెడితే పాత చోటికే వస్తుంది. కానీ పెట్టకండి. ఆ ఒక్క వరుస పోతేనే మీకు పావు అంగుళానికి పైగా మిగులుతుంది.

స్టేటస్ బార్ కూడా వద్దు. లింకు మీద మౌస్ పెడితే ఆ అడ్రస్ కింద మూలన చిన్న పెట్టెలో కనిపించి పోతుంది, బార్ లేకున్నా.

అడ్రస్ వరుస మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే కాన్ఫిగర్ టూల్‌బార్ అని వస్తుంది. నొక్కితే రెండు జాబితాలు. ఒకవైపు పెట్టుకోదగ్గ బటన్లు, ఇంకోవైపు ఇప్పుడు ఉన్నవి. నా దగ్గర ఉన్నవి ఇవే: వెనక్కి-ముందుకి, రీలోడ్, అడ్రస్ పెట్టె, డౌన్‌లోడ్లు, యాడ్‌బ్లాక్ గుర్తు. హోమ్ బటన్ తీసేశాను. విడిగా ఉన్న సెర్చ్ పెట్టె కూడా తీసేశాను, దానివల్లే అడ్రస్ పెట్టె ఇరుకైపోతుంది. మీ పనిలో పూర్తి అడ్రస్ కళ్ల ముందు కనబడటం ముఖ్యం.

సిస్టమ్ పట్టీని కూడా తనంతట తనే దాగేలా పెట్టండి. దాని మీద రైట్ క్లిక్ చేసి సెట్టింగుల్లో ఆటో హైడ్ ఎంచుకుంటే సరిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ల గురించి రేపు తీరికగా రాస్తాను. ముందే చెప్పేదొకటి: క్రోమ్ స్టోర్‌లో దొరికేవి ఫాల్కన్‌లో పనిచేయవు.

కేయూ క్రాస్‌రోడ్
ఆదివారం రాత్రి 10:20

పనిచేయవంటే మరి ఆ బ్రౌజర్ ఎందుకు అన్నా? నేను ఎంసీఏ చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో పద్నాలుగు ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. అన్నీ వాడుతున్నాను. క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజర్ వేసుకుంటే అక్కకు ఉన్నవన్నీ తిరిగి వస్తాయి కదా. 2 జీబీ అయినా రెండు మూడు ట్యాబ్‌లకు సరిపోతుంది.

హుజూరాబాద్ డీటీపీ
సోమవారం ఉదయం 7:15

తమ్మీ, పద్నాలుగూ నీకు పనికొస్తున్నాయంటే మంచిదే. నీ ల్యాప్‌టాప్ నీది. ఈమె సిస్టమ్ మీద కూర్చునేది ఊరంతా. తేడా అక్కడుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా డీటీపీలో ఉన్నాను. ఒకప్పుడు కె-మెలియాన్ అనే బ్రౌజర్ వాడేవాణ్ని. 2000లో మొదలైంది. పేజీని తెర మీద చూపించే ఇంజిన్ ఫైర్‌ఫాక్స్‌దే, కానీ పై తొడుగు మాత్రం విండోస్ సొంత బటన్లతో కట్టింది. అందుకే 256 ఎంబీ ర్యామ్‌లో కూడా చకచకా తెరుచుకునేది. అందులో టూల్‌బార్ అంటే మామూలు టెక్స్ట్ ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్కో బటన్‌కు కొన్ని లైన్లు. వద్దనుకున్న బటన్ లైన్ల ముందు # గుర్తు పెట్టి సేవ్ చేస్తే చాలు, మళ్లీ తెరిచేసరికి ఆ బటన్ ఉండేది కాదు. కావాలంటే # తీసేయడమే. మెనూకు ఒక ఫైల్, కీబోర్డు షార్ట్‌కట్లకు ఒక ఫైల్. ఒక ఆదివారం పొద్దున కూర్చుని నాకు కావాల్సిన ఆరు బటన్లు తప్ప అన్నీ తీసేశాను. అప్పట్నుంచి ఏ బ్రౌజర్ చూసినా ముందు తీసేయాల్సినవే నా కంటికి కనబడతాయి.

ఇప్పుడు దాన్ని వేసుకోమని చెప్పను. ఇంజిన్ పాతబడింది, ఇప్పటి సైట్లు చాలావరకు సరిగా రావు. డబ్బు పనులకైతే అసలే వద్దు. వద్దన్నవి తీసేసే పద్ధతి మాత్రం ఫాల్కన్‌లోనూ అదే.

ఆ రోజుల్లో ఇంకో బాధ ఉండేది. ఏదో ఉచిత కన్వర్టర్ దించుకుని నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోతే చివరికి బ్రౌజర్‌లో రెండు కొత్త టూల్‌బార్లు తయారయ్యేవి. హోమ్‌పేజీ మారిపోయేది. సెర్చ్ కొడితే ఇంకెక్కడికో పోయేది. మా దుకాణానికి తెచ్చిన సిస్టమ్‌లలో నాలుగు వరుసల టూల్‌బార్లు పేరుకుని పేజీ అరచేతి మందం మిగిలినవి కూడా చూశాను. కంట్రోల్ ప్యానెల్‌లో తీసేసినా ఒక్కోటి తిరిగి వచ్చేది.

తెలుగు టైపింగ్‌కు ఎక్స్‌టెన్షన్ అవసరమే లేదమ్మా. డెబియన్‌లో టైపింగ్ భాష మార్చే ఐబస్, దానికి ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేయించుకోండి. ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆపిల్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంది. డీటీపీలో వాడే అను స్క్రిప్ట్‌లో ఆపిల్ లేఅవుట్ అలవాటైనవాళ్లకు కొత్తగా నేర్చుకునేది తక్కువే. సిస్టమ్‌లో ఒకసారి పెడితే బ్రౌజర్‌లో, ఆఫీస్‌లో, ఫైల్ పేర్లలో, అన్నిచోట్లా తెలుగే. ఎక్స్‌టెన్షన్ పెడితే ఆ బ్రౌజర్‌లోనే.

పరకాల ఆన్‌లైన్ సెంటర్
సోమవారం మధ్యాహ్నం 2:30

అన్నా, చాలా థ్యాంక్స్. మెనూ దొరికింది. దాచే ఉంచాను.

డీటీపీ అన్న చెప్పిన సెర్చ్ సంగతి చదివి మనసు ఎలాగో అయింది. పోయిన ఏడాది మా సెంటర్‌లోనే జరిగింది. విండోస్ సిస్టమ్‌లో ఎవరో కస్టమర్ ఏదో వేసినట్టున్నారు. సెర్చ్ చేస్తే ఫలితాలు వేరే పేజీలో వచ్చేవి. నేను పట్టించుకోలేదు. డిగ్రీ అప్లికేషన్ కోసం ఒక అమ్మాయి వచ్చింది, రేగొండ వైపు ఊరు. సెర్చ్‌లో మొదట వచ్చింది నొక్కాను. అచ్చం అసలు సైట్‌లాగే ఉంది. ఐదు వందలు కట్టించాను. రసీదు రాలేదు, నంబరూ రాలేదు. అది అసలు సైటే కాదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, బ్యాగు తీసుకుని లేచింది. ఐదు వందలు నా గల్లా నుంచే ఇచ్చి అసలు సైట్‌లో మళ్లీ అప్లై చేయించాను. ఇప్పటికీ ఆ అమ్మాయి ముఖం గుర్తొస్తుంది.

అందుకే అడుగుతున్నాను. తెరలో చోటు కోసం మాత్రమే కాదు. నా దగ్గర కూర్చున్నవాళ్ల వివరాలు, డబ్బు ఎక్కడికో పోకుండా ఈ బ్రౌజర్‌ను ఎలా సర్దుకోవాలి?

నక్కలగుట్ట నెట్
సోమవారం సాయంత్రం 6:05

మేడం, మీరు అసలు విషయానికే వచ్చారు. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు ఒక పెట్టె వస్తుంది. మీరు చూసే అన్ని సైట్లలోని డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి అడుగుతుంది. మనం చూడకుండా సరే అంటాం. ఆ మాటకు అర్థం ఉన్నదున్నట్టే తీసుకోవాలి. పేజీలో టైప్ చేసిన ఆధార్ నంబరు, ఓటీపీ, బ్యాంకు ఖాతా, ఇవన్నీ ఆ ఎక్స్‌టెన్షన్ చదవగలదు. డార్క్ మోడ్‌ది కూడా అదే అనుమతి, ఎందుకంటే ప్రతి పేజీ రంగు మార్చాలి కదా. చేసినవాళ్లు మంచివాళ్లే కావచ్చు. ఇవాళ మంచివాళ్ల చేతిలో ఉన్నది రేపు ఎవరి చేతికి పోతుందో మన చేతిలో లేదు.

ఉదాహరణ ఉంది. ది గ్రేట్ సస్పెండర్ అని క్రోమ్‌లో పేరున్న ఎక్స్‌టెన్షన్. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి ర్యామ్ మిగిల్చేది. మనలాంటి పాత సిస్టమ్‌లవాళ్లు ఇష్టంగా పెట్టుకున్నదే. 2020లో దాన్ని చేసిన వ్యక్తి వేరేవాళ్లకు అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికర కోడ్ ఉందని గూగుల్ స్టోర్ నుంచి తీసేసింది, పెట్టుకున్నవాళ్ల బ్రౌజర్లలోనూ ఆపేసింది. మధ్యలో వాడినవాళ్లు కొత్తగా ఏ బటనూ నొక్కలేదు. అప్‌డేట్ దానంతట అదే వచ్చింది.

అందుకని మీ ఏడింటినీ ఒక్కోటి చూద్దాం. తెలుగు టైపింగ్ గురించి డీటీపీ అన్న చెప్పారు. పీడీఎఫ్ కలపడానికి పీడీఎఫ్ అరేంజర్ అనే ప్రోగ్రామ్ డెబియన్‌లోనే ఉంది. పేజీలు లాగి ముందూ వెనకా చేసుకోవచ్చు, తిప్పుకోవచ్చు. ఫైల్ మీ సిస్టమ్ దాటి బయటికి పోదు. ఆధార్, కుల ధ్రువపత్రం, మార్కుల మెమో కలిపే పని కోసం ముక్కూమొహం తెలియని సైట్‌కు అప్‌లోడ్ చేయడం ఇవాళే మానేయండి. ఫొటో సైజుకు జీథంబ్ సరిపోతుంది. స్క్రీన్‌షాట్ ప్రోగ్రామ్ డెస్క్‌టాప్‌తోనే వచ్చి ఉంటుంది. ప్రకటనలు ఆపేది ఫాల్కన్ లోపలే ఉంది. డార్క్ మోడ్ వదిలేయండి, మానిటర్ వెలుతురు తగ్గించుకుంటే చాలు.

మిగిలింది పాస్‌వర్డ్‌లు. పది మంది కూర్చునే చోట బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ దాచకూడదు. ఫాల్కన్ గుర్తుపెట్టుకోనా అని అడగకుండా ప్రిఫరెన్సెస్‌లో పాస్‌వర్డ్‌ల దగ్గర ఆపేయండి. కస్టమర్ పని మొత్తం ప్రైవేట్ విండోలో చేయండి. కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. పని కాగానే మూసేస్తే లాగిన్లు పోతాయి.

డబ్బు కట్టే పనులకు మాత్రం ఫాల్కన్ వద్దు. దాని వెనక ఉన్న ఇంజిన్ క్యూటీ వెబ్ ఇంజిన్. డెబియన్ స్థిర విడుదలల్లో దానికి పూర్తి భద్రతా అప్‌డేట్ల హామీ లేదని వాళ్లే చెబుతారు. డెబియన్‌లో ఉండే ఫైర్‌ఫాక్స్ రకం ఈఎస్ఆర్, దానికి ఆ అప్‌డేట్లు వస్తాయి. రెండూ ఉంచుకోండి. ఫారాలు నింపడానికి, ఫలితాలు చూడటానికి ఫాల్కన్. చెల్లింపులకు ఫైర్‌ఫాక్స్. 2 జీబీలో రెండూ ఒకేసారి తెరిచి ఉంచకండి.

కాజీపేట లైనక్స్
సోమవారం రాత్రి 8:40

నక్కలగుట్ట అన్న బాగా చెప్పారు. ఇంజిన్ సంగతి నేను మర్చిపోయాను, అది ముందే చెప్పాల్సింది.

ఫాల్కన్‌లో ఎక్స్‌టెన్షన్లు అంటే ఏమిటో నేను చెప్తాను. ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌టెన్షన్స్ అని ఉంటుంది. తెరిస్తే కొన్ని పేర్లు, పక్కన టిక్ పెట్టెలు. అన్నీ బ్రౌజర్‌తో పాటే వచ్చినవి, చేసినవాళ్లు ఫాల్కన్ బృందమే. గ్రీజ్‌మంకీ (పేజీల్లో చిన్న స్క్రిప్ట్‌లు నడిపేది), మౌస్ గెస్చర్స్, ఆటోస్క్రోల్, ట్యాబ్ మేనేజర్, నిలువు ట్యాబ్‌లు, స్టేటస్‌బార్ ఐకాన్స్, పర్సనల్ ఇన్ఫర్మేషన్ మేనేజర్ లాంటివి. టిక్ పెట్టనిది లోడే కాదు, ర్యామ్ తినదు.

నిలువు ట్యాబ్‌లు మంచివే, కానీ 1024 వెడల్పులో వద్దు. వెడల్పు తెర ఉన్నవాళ్లకు పైన ఒక వరుస మిగులుతుంది. ఆటోస్క్రోల్ పెట్టుకోండి, మౌస్ చక్రం పాడైన చోట పనికొస్తుంది. మిగతావి ఖాళీగా వదిలేయండి.

జమ్మికుంట టీచర్
సోమవారం రాత్రి 9:30

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. కంప్యూటర్ ల్యాబ్ కూడా నేనే చూస్తాను. పదకొండు పాత సిస్టమ్‌లు. మా అనుభవం కొంచెం రాస్తాను.

పిల్లలు ఏదైనా కదిలిస్తారు. అది తప్పు కాదు, నేర్చుకునేది అలాగే. పొద్దున ల్యాబ్ తెరిచేసరికి ఒకదాంట్లో బుక్‌మార్కుల వరుస ఉండదు, ఇంకోదాంట్లో అడ్రస్ పెట్టె చివరికి పోయి ఉంటుంది. ముందు ఒక్కోటి సరిచేసేదాన్ని, పీరియడ్ సగం అయిపోయేది. తర్వాత ఒక పద్ధతి దొరికింది. ఒక సిస్టమ్‌లో టూల్‌బార్, బుక్‌మార్కులు అన్నీ కావాల్సినట్టు పెట్టి ఫాల్కన్ మూసేస్తాను. ఇంటి ఫోల్డర్‌లో దాచిన కాన్ఫిగ్ ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల ఫాల్కన్ అని, దాని లోపల ప్రొఫైల్స్ అని ఉంటాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని మిగతా పదింటిలో పెట్టేస్తాను. ఎవరైనా కదిలిస్తే మళ్లీ అదే ఫోల్డర్. రెండు నిమిషాల పని.

ఒక్క జాగ్రత్త. ఆ ఫోల్డర్‌లో లాగిన్‌ను గుర్తుంచుకునే కుకీలు, చూసిన పేజీల చరిత్ర కూడా ఉంటాయి. అందుకే ఏ సైట్‌లోనూ లాగిన్ కాకముందే నకలు తీయాలి. లాగిన్ అయ్యాక తీస్తే మీ లాగిన్ పది సిస్టమ్‌లకు పంచినట్టే.

బుక్‌మార్కుల వరుసను మాత్రం తీసేయవద్దని చెల్లికి నా మాట. ఆ అమ్మాయి విషయం చదివాను. సెర్చ్ చేయకుండా నేరుగా అసలు సైట్‌కు తీసుకెళ్లే తేలికైన దారి అదే. చోటు కోసం ఏది తీసినా అది ఉండాలి. దాని మీద రైట్ క్లిక్ చేస్తే ఐకాన్లు మాత్రమే చూపించు అని ఉంటుంది. పెడితే పదిహేను సైట్లు ఒకే వరుసలో పడతాయి.

పరకాల ఆన్‌లైన్ సెంటర్
మంగళవారం మధ్యాహ్నం 1:15

టీచరమ్మా, ఐకాన్లు మాత్రమే పెట్టి చూశాను. ఒక ఇబ్బంది వచ్చింది. నేను వాడేవన్నీ రాష్ట్ర ప్రభుత్వ సైట్లే. చాలావాటికి ఒకటే రాజముద్ర గుర్తు. వరుసగా ఆరు ఒకేలాంటి గుండ్రాలు. కొన్నింటికి గుర్తే లేదు, తెల్ల కాగితం బొమ్మ. ఏది ఏదో తెలియక మూడుసార్లు తప్పు నొక్కాను.

జమ్మికుంట టీచర్
మంగళవారం మధ్యాహ్నం 1:40

నిజమే చెల్లీ, మా పిల్లలవి వేరే వేరే సైట్లు కాబట్టి నాకు తట్టలేదు. అయితే తిరగేసి చేయండి. అక్కడే పేరు మాత్రమే చూపించు అని కూడా ఉంటుంది. ఒక్కో బుక్‌మార్కు పేరు మార్చి చిన్నది పెట్టండి. సైట్ ఇచ్చే పేరు ఒక లైనంత ఉంటుంది. మీరు తెలుగులో ఒక్క మాట పెట్టుకోండి: దోస్త్, ఈపాస్, మీసేవ, భూభారతి. నెలకోసారి వాడేవి ఇతరం అని ఒక ఫోల్డర్ చేసి అందులో వేయండి. ఫోల్డర్ కూడా వరుసలోనే ఉంటుంది, నొక్కితే కిందికి తెరుచుకుంటుంది.

బుక్‌మార్కు చేసే ముందు అడ్రస్‌ను నోటిఫికేషన్ కాగితం మీద అచ్చయిన దానితో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఒకసారి సరిగా చేస్తే ఇక వెతికే పని ఉండదు.

హుజూరాబాద్ డీటీపీ
మంగళవారం మధ్యాహ్నం 2:05

తెలుగు పేర్లు పెట్టినప్పుడు ఒత్తులు విరిగి డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేనట్టు. ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ వేయించండి, లోహిత్ తెలుగు అందులోనే వస్తుంది. టూల్‌బార్ అక్షరాలు మరీ చిన్నగా ఉంటే సిస్టమ్ సెట్టింగుల్లో ఫాంటు ఒక పాయింటు పెంచండి, బ్రౌజర్‌లో కాదు.

కేయూ క్రాస్‌రోడ్
మంగళవారం రాత్రి 11:00

నక్కలగుట్ట అన్న రాసింది చదివాక నా పద్నాలుగింటి అనుమతులు తెరిచి చూశాను. తొమ్మిదింటికి అన్ని సైట్లూ చదివే అనుమతి ఉంది. అందులో ఒకటి కాలిక్యులేటర్. కాలిక్యులేటర్‌కు నా పేజీలతో ఏం పని? అప్పుడే తీసేశాను. ఇప్పుడు నాలుగు ఉన్నాయి. వాటిలో రెండింటికి ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, నొక్కినప్పుడు మాత్రమే పనిచేసేలా మార్చాను.

అక్కకు నా వంతుగా ఒకటి. కొన్ని సైట్లలో పైన వార్తల పట్టీ కదులుతూనే ఉంటుంది. పాత సిస్టమ్‌లో అదొక్కటే ప్రాసెసర్‌ను తినేస్తుంది. దానికి ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. ఫాల్కన్‌లో గ్రీజ్‌మంకీకి టిక్ పెట్టి చిన్న స్క్రిప్ట్ వేస్తే సరిపోతుంది. పేజీ లోడయ్యాక అందులో పట్టీని కదిలించే మార్కీ అనే ట్యాగ్ ఎక్కడున్నా దాన్ని ఆపు, అంతే దాని పని. నిజంగా పనిచేసే లైను ఒక్కటే. పైన నాలుగైదు లైన్లు స్క్రిప్ట్ పేరు, ఏ సైట్‌లో నడవాలో చెప్పేవి. మ్యాచ్ అనే లైనులో మీరు వాడేవాటిలో పట్టీ కదిలే సైట్ల అడ్రస్‌లే రాస్తాను. ఇంకెక్కడా నడవదు. లైను లైనుకు తెలుగులో వివరం రాసి పంపుతాను, చదివాకే పెట్టుకోండి.

నక్కలగుట్ట నెట్
బుధవారం ఉదయం 6:50

తమ్ముడూ, మంచి పని చేశావు. చదవగలిగినంత చిన్నదైతేనే స్క్రిప్ట్ పెట్టుకోవాలి. ఎక్కడో దొరికిన ఐదు వందల లైన్ల స్క్రిప్ట్ అయితే మళ్లీ మొదటికే వస్తాం.

మేడం, మిగతా రెండు సిస్టమ్‌ల ఫైర్‌ఫాక్స్‌కు కూడా ఒక తాళం ఉంది. పాలసీస్ అనే ఫైల్ రాసి పెడితే ఎవరూ ఎక్స్‌టెన్షన్ వేయలేరు. విండోస్‌లో అయితే ఫైర్‌ఫాక్స్ ఉన్న ఫోల్డర్‌లో డిస్ట్రిబ్యూషన్ అని ఫోల్డర్ చేసి అందులో పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ అనే చోట నక్షత్రం గుర్తు, అంటే అన్నీ, వాటికి బ్లాక్డ్ అని రాయాలి. అడ్డుకున్నప్పుడు కనిపించే మాటను మనమే రాసుకోవచ్చు, తెలుగులోనే. మా దగ్గర 'కావాల్సింది కౌంటర్‌లో చెప్పండి, మేమే చేసి ఇస్తాం' అని రాశాను. బుక్‌మార్కుల వరుస ఎప్పుడూ కనిపించాలనేది కూడా అదే ఫైల్‌లో పెట్టొచ్చు. పెట్టాక అడ్రస్ పెట్టెలో అబౌట్, రెండు చుక్కలు, పాలసీస్ అని కొడితే ఏవి అమల్లో ఉన్నాయో కనిపిస్తుంది.

ఇంకొకటి, అలాగే అబౌట్, రెండు చుక్కలు, కాన్ఫిగ్ అని కొట్టి, అక్కడ కీవర్డ్ ఎనేబుల్డ్ అన్నదాన్ని ఫాల్స్ చేయండి. అడ్రస్ తప్పు కొడితే సెర్చ్‌కు పోకుండా పేజీ దొరకలేదని చెప్పి ఆగుతుంది. మీకు జరిగినది మళ్లీ జరగకుండా ఇదొక అడ్డుకట్ట.

పరకాల ఆన్‌లైన్ సెంటర్
గురువారం ఉదయం 11:25

అర్జెంటుగా అడుగుతున్నాను. ఫాల్కన్‌లో ఒక ఫారం పూర్తి చేశాం, సబ్మిట్ అయింది, రసీదు విండో రావడం లేదు. ముసలాయన ఒకరు కూర్చుని ఉన్నారు, రసీదు లేకుండా ఇంటికి పోలేనంటున్నారు. మళ్లీ సబ్మిట్ కొట్టాలా?

కాజీపేట లైనక్స్
గురువారం ఉదయం 11:31

మళ్లీ కొట్టకండి అక్కా. రెండు దరఖాస్తులైపోతాయి. రసీదు కొత్త విండోలో వస్తుంది, దాన్ని యాడ్‌బ్లాక్ ఆపి ఉంటుంది. యాడ్‌బ్లాక్ గుర్తు నొక్కండి, ఈ సైట్‌లో ఆపేయి అని ఉంటుంది. టిక్ పెట్టి, అప్లికేషన్ స్థితి చూసే పేజీకి వెళ్లి అక్కడి నుంచి రసీదు తీయండి. అప్పటికీ రాకపోతే ప్రిఫరెన్సెస్‌లో జావాస్క్రిప్ట్ దగ్గర పాప్-అప్ తెరవడానికి అనుమతి ఉందో లేదో చూడండి.

తప్పు ఎక్కడుందో తేలకపోతే ఇంకో దారి. ఫాల్కన్ మూసేసి టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే విండోలో, ఫాల్కన్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు అడ్డగీతలు, నో, ఒక అడ్డగీత, ఎక్స్‌టెన్షన్స్ అని రాయండి, అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. ఎక్స్‌టెన్షన్లు ఏవీ లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు పనిచేస్తే తప్పు ఎక్స్‌టెన్షన్‌ది. పనిచేయకపోతే తప్పు ఎక్స్‌టెన్షన్‌ది కాదు, సైట్‌దో బ్రౌజర్‌దో.

పరకాల ఆన్‌లైన్ సెంటర్
గురువారం ఉదయం 11:50

వచ్చింది అన్నా. యాడ్‌బ్లాకే. రసీదు రెండు కాపీలు తీసి ఇచ్చాను. ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లారు. బుక్‌మార్కుల వరుసలో ఉన్న ప్రభుత్వ సైట్లన్నింటికీ యాడ్‌బ్లాక్ ఆపేసి ఉంచుతాను, వాటిలో ప్రకటనలు ఎలాగూ ఉండవు.

జమ్మికుంట టీచర్
గురువారం సాయంత్రం 5:20

మంచి ఆలోచన చెల్లీ. ఇంకో చిన్న మాట. పర్సనల్ ఇన్ఫర్మేషన్ మేనేజర్‌కు టిక్ పెడితే ఒకసారి రాసిన పేరు, అడ్రస్, ఊరు, పిన్‌కోడ్ ఫారంలో రైట్ క్లిక్‌తో పడతాయి. అందులో మీ సెంటర్ వివరాలు మాత్రమే రాయండి. కస్టమర్‌వి ఒక్క అక్షరం కూడా అందులో ఉంచవద్దు.

పరకాల ఆన్‌లైన్ సెంటర్
శనివారం రాత్రి 10:05

వారమంతా సర్దుకున్నాను. ఇప్పుడెలా ఉందో రాస్తాను, నాలాంటివాళ్లకు పనికొస్తుంది.

పైన టైటిల్, ట్యాబ్‌లు, అడ్రస్ వరుస, తెలుగు పేర్లతో బుక్‌మార్కుల వరుస. అంతే. అడ్రస్ వరుసలో వెనక్కి-ముందుకి, రీలోడ్, అడ్రస్, డౌన్‌లోడ్లు, యాడ్‌బ్లాక్ గుర్తు, చివర మూడు గీతలు. హోమ్ లేదు, సెర్చ్ పెట్టె లేదు. మళ్లీ స్కేలు పెట్టాను. ఒకటిన్నర అంగుళం లోపే ఉంది. స్కాలర్‌షిప్ ఫారంలో ఇప్పుడు బటన్ కూడా తెరలోనే పడుతోంది.

ఎక్స్‌టెన్షన్లు రెండే: ఆటోస్క్రోల్, గ్రీజ్‌మంకీ. గ్రీజ్‌మంకీలో కేయూ తమ్ముడి స్క్రిప్ట్ ఒక్కటే. అతను రాసిన తెలుగు వివరం చదివితే నాకూ అర్థమైంది. పట్టీ ఆగిపోయి కదలకుండా ఉంటే ఆ వార్త చదవగలుగుతున్నాను కూడా. సర్వే నంబరు పని మీద వచ్చిన ఒక రైతు తెర చూసి, చివరి తేదీ అదేనా అని తనే అడిగారు.

చెల్లింపులకు ఫైర్‌ఫాక్స్ ఐకాన్ వేరుగా పెట్టి, కింద 'డబ్బు కట్టేది' అని పేరు రాశాను. సాయంత్రాలు కూర్చునే మా అమ్మాయికి కూడా అది చూడగానే తెలుస్తుంది. మిగతా రెండు సిస్టమ్‌లలో పాలసీస్ ఫైల్ పెట్టడం రేపటి పని. నక్షత్రం గుర్తు లైను ఎలా రాయాలో నక్కలగుట్ట సార్ ఒకసారి ఫొటో తీసి పెడితే చూసి రాసుకుంటాను.

నక్కలగుట్ట నెట్
శనివారం రాత్రి 10:30

పెడతాను మేడం. బ్రాకెట్ ఒక్కటి తప్పినా ఫైల్ మొత్తం పనిచేయదు, అందుకే నా దగ్గర నడుస్తున్న ఫైలే పంపుతాను. మీరు అందులో తెలుగు మాట మాత్రం మీ సెంటర్‌కు తగ్గట్టు మార్చుకోండి.